తడిచేతులమ్మ వెలసిన కథ

పొన్నలవాగుపాలెంలో బస్సు దిగి వాగు వెంట తూర్పుగా అరమైలు నడిస్తే ప్రాథమిక పాఠశాల కనిపిస్తుంది. దాని ప్రహరీగోడను ఆనుకునే తడిచేతులమ్మ గుడి ఉంది. గోపురం లేదు, నాలుగు రాతి స్తంభాలు, వాటి మీద కప్పు, అంతే. అమ్మవారిది మూరెడు ఎత్తున్న నల్లరాతి విగ్రహం. శూలం, ఖడ్గం, పుస్తకం ఏవీ ధరించలేదు. రెండు అరచేతులూ ముందుకు చాచి నిలబడి ఉంటుంది.

పూర్వం ఈ చోట తిరువేంగళయ్య అనే అయ్యవారు వీధిబడి నడిపేవాడు. అరుగు ముందు ఇసుక పరిచి పిల్లల చేత వేలితో అక్షరాలు దిద్దించేవాడు. ఆయన బడిలో ఒక కట్టడి ఉండేది. అక్షరం దిద్దిన చేతిలో సరస్వతి ఉంటుందనీ, పొద్దుగూకక ముందే ఆ చెయ్యి కడిగితే చదువు నీళ్లలో కలిసిపోతుందనీ ఆయన నమ్మకం. తన గురువు చెప్పిన మాట అది. తాను పాటించాడు, పిల్లల చేతా పాటింపజేశాడు. మధ్యాహ్నం పిల్లలు ఆ చేతులతోనే సద్ది తినేవారు. కడుక్కున్నవాళ్లకు గుంజీలు తప్పేవి కావు.

ఒక ఏడు వానలు లేక వాగు ఎండింది. ఎప్పుడూ ఇసుక తెచ్చే ఎగువ మడుగు గట్టిపడిపోవడంతో ఊరివాళ్లు దిగువ రేవు నుంచి తెచ్చి పోశారు. తెల్లవారుతూనే ఊరంతా చెంబు పట్టుకుని వెళ్లేది ఆ రేవుకే. పక్షం తిరగకుండానే బడిపిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇరవై మందిలో నలుగురు పోయారు. గ్రామదేవతకు కోపం వచ్చిందని జాతర చేశారు, కోళ్లు కోశారు. ఐదో బిడ్డా పోయింది.

కుమ్మరి ఆదెమ్మ కూతురు పైడి మాత్రం రోజూ బడికి వస్తూనే ఉంది. సద్దివేళకు తల్లి ఆ పిల్లను ఇంటికి పిలిచి, బూడిదతో చేతులు తోమి కడుగుతున్నదని తోటిపిల్లలు అయ్యవారికి చెప్పారు. ఆయన ఆదెమ్మను పిలిపించాడు.

"ఏమమ్మా, ఇక్కడ దిద్దింది అక్కడ కడిగేస్తుంటే నా దగ్గరికి పంపడం దేనికి?"

"మట్టి పిసికే చేతులయ్యా మావి. కడక్కుండా కూడు తింటే కడుపులోనే కుండలు కాల్చుకోవాల," అంది ఆదెమ్మ. "దానికి అక్షరాలు రాలేదా, నువ్వే చెప్పు."

వచ్చాయి. అందరికంటే బాగానే వచ్చాయి. అయినా, "రేపటి నుంచి పంపకు," అన్నాడు అయ్యవారు.

"మంచిదయ్యా. బతికుంటే ఇంకో బళ్లో చదువుకుంటది," అని ఆమె కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడే అయ్యవారి మనవరాలు శేషాంబకు జబ్బు చేసింది. తల్లి లేని పిల్ల, ఏడేళ్లది, తాత పక్కనే కూర్చుని దిద్దుకునేది. కషాయం ఇస్తే నిలవలేదు. మూడో నాటి మధ్యాహ్నం ఆయన మంచం పట్టెకు తల ఆనించి కునికాడు. కలలో బడి జరుగుతోంది. వరస చివర తానెరుగని పిల్ల ఒకతె కూర్చుని ఉంది. అందరూ తింటున్నారు, ఆ పిల్ల తినడం లేదు. రెండు చేతులూ చాచి, "వీటితో ఎలా తినను అయ్యవారూ?" అంది.

"కడిగితే చదువు పోతుందమ్మా."

"తామరపువ్వులో ఉండేదాన్ని. నీళ్లకు పోతానా?"

మెలకువ వచ్చి చూస్తే శేషాంబ గోళ్ల సందుల్లో ఇసుక కనిపించింది. ఆయన వేణ్ణీళ్లు తెచ్చి ఆ చేతులు కడిగాడు. అప్పటికే ఆలస్యమైంది. పొద్దు వాలకముందే పిల్ల కన్ను మూసింది.

మరునాడు తిరువేంగళయ్య పరామర్శకు ఎవరినీ రానివ్వలేదు. పార పట్టుకుని బడి ముందరి ఇసుకంతా తవ్విపోయసాగాడు. మోకాటి లోతున పారకు రాయి తగిలింది. చుట్టూ మట్టి తీస్తే అరచేతులు చాచిన అమ్మవారు బయటపడింది. ఊరు గుమిగూడింది. తల్లి స్వయంగా వెలిసింది కనుక తమ పాపం తీరినట్టేనని ఊరిపెద్ద అన్నాడు.

"పాపం మీది కాదు," అన్నాడు అయ్యవారు. "మీ బిడ్డల్ని ఏ దేవతా తీసుకోలేదు. నా కట్టడి తీసుకుంది. నా బిడ్డనూ అదే తీసుకుంది."

ఆయన జనంలో ఉన్న పైడి దగ్గరకు వెళ్లి రెండు చేతులూ చాచి నీళ్లు పొయ్యమని అడిగాడు. పైడి చెంబెత్తి పోసింది. ఆదెమ్మ పిడికెడు బూడిద తెచ్చి ఆయన చేతిలో వేసింది. "గోళ్ల సందుల్లో కూడా, అయ్యా," అంది.

ఆనాటి నుంచి ఆ బడిలో చెయ్యి కడిగేదాకా విస్తరి వెయ్యలేదు. ఇసుక మళ్లీ ఎగువ మడుగు నుంచే తవ్వి తెచ్చుకున్నారు. ఆ జబ్బు మరో బిడ్డను తీసుకోలేదని పెద్దలు చెబుతారు.

ఇక్కడ అమ్మకు కొబ్బరికాయ కొట్టరు. మొక్కు ఉన్నవారు సబ్బుబిళ్లలు సమర్పిస్తే అవి పక్కనున్న పాఠశాలకు చేరతాయి. అమ్మ ఎదుట చేతులు కడుక్కుని అక్షరం దిద్దిన పిల్లలకు చదువు నిలుస్తుందనీ, తిన్నది ఒంటపడుతుందనీ భక్తుల విశ్వాసం. ఏటా బడి తెరిచిన రోజున ప్రధానోపాధ్యాయులు ముందుగా గుడి ముందు చేతులు చాచి నిలబడతారు. ఒకటో తరగతిలో అందరికంటే చిన్నపిల్ల నీళ్లు పోస్తుంది. ఓబులు, చెంచమ్మ, గురవడు, మాలకొండయ్య, పిచ్చమ్మ, శేషాంబ అని ఆనాడు పోయిన ఆరుగురి పేర్లూ ఆయన తొందర లేకుండా పైకి చెప్పాలి. చివరి పేరు పూర్తయ్యేదాకా ఆయన చేతులు తోముతూనే ఉండాలి.