చిప్పలరేవు మోయమ్మ

పూర్వం వలందావారు, అంటే హాలండు దేశపు వర్తకులు, మన తీరాన కోటలు కట్టి బట్టల వ్యాపారం చేస్తున్న రోజుల్లో, ఒకనాటి ఉదయం చిప్పలరేవు కోటగంట ఎనిమిది కొట్టేసరికి ఊరి దేవత రేవమ్మకు పూజారిణి అయిన సూరాడ ఎర్రమ్మ అమ్మవారి అరుగు మీది ఇసుక ఊడుస్తోంది. అమ్మవారికి గుడీ గోపురమూ లేవు; పసుపు పూసి, కుంకుమ దిద్ది, వేపమండలు చుట్టిన నడుమెత్తు నల్లరాయి, అంతే. ఏడాదిగా ఒడ్డును కోసుకుంటూ వచ్చిన సముద్రం అరుగును తాకనే తాకింది. వచ్చే అమావాస్య పోటుకు తల్లి నీళ్లపాలవుతుందని ఊరంతా దిగులు. ఎదుటనున్న మెట్ట మీదికి చేర్చవచ్చు గదా అంటే, రేవమ్మ కట్టడి అందుకు ఒప్పదు. తల్లిని కదపాలంటే ఊరుకాని మనిషి నోట, ఎవరూ అడగకుండానే, ఆనతి రావాలి; అడిగి చెప్పించుకున్న మాట చెల్లదు. అందువల్ల వచ్చేపోయే బాటసారుల నోళ్లకేసి ఆశగా చూడటం తప్ప ఎర్రమ్మ చేయగలిగింది లేదు.

ఆ పూటే కోట అధికారి చెల్లెలు కొర్నేలియా, ఓడ దిగి వారమైనా కాని యువతి, ఊరు చూసి వద్దామని పల్లకీ ఎక్కింది. సున్నం కొట్టిన బురుజులు, అద్దకపు బట్టలు ఆరేసిన వీధులు, కపాలాలు చెక్కిన సమాధిరాళ్లు, ఏది కంటబడినా ఆమె “మోయ్! మోయ్!” అనేది. అన్నప్పుడల్లా బోయీలు అడుగు పెంచేవారు; మెడ తిప్పి చూసేలోగా ఆ వింత కాస్తా వెనకబడిపోయేది.

“మోస్తానే ఉన్నాం కదమ్మా, ఇంకెంత మొయ్యమంటావు!” అని బోయీల పెద్ద దాలయ్య ఆయాసపడ్డాడు.

“వచ్చిన తెలుగు ముక్క అదొక్కటే, మావా. అదీ మన పేణానికే వచ్చింది” అన్నాడు వెనక బోయీ.

రేవమ్మ దగ్గర పల్లకీ దించారు. కొర్నేలియా నడిచి వెళ్లి, లేత ఎండలో మెరుస్తున్న పసుపు ముఖాన్నీ వెనక విరుగుతున్న నురుగునూ చూసి, చేతులు గుండెకు హత్తుకుని మెల్లగా “మోయ్” అంది. బోయీలు అలవాటు కొద్దీ పల్లకీ వైపు ఉరికారు.

“ఆగండ్రా!” ఎర్రమ్మ చీపురు పారేసింది. “దొరసాని దిగి నిలబడుంటే ఉత్త పల్లకీని మొయ్యమంటాదేటి? ఎవుర్ని సూసి అందో సూడండి!”

దాలయ్య దొరసానిని చూశాడు, రాయిని చూశాడు, తలపాగా విప్పి నడుముకు బిగించాడు. “నీ సెలవే అయితే తేలికవ్వు, తల్లీ!”

వలతాళ్లు కట్టి పల్లకీ బొంగుకు తగిలించిన ఆ రాయి పూలబుట్టలా లేచిందని పెద్దలంటారు. మెట్టదారిన తల్లి ఊగుతూ వెళుతుంటే ఆ అమ్మాయి సంబరంగా వెంటనడుస్తూ “మోయ్, మోయ్” అంటూనే ఉంది. అంటున్నంతసేపూ వాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. మెట్ట కొసకు చేరేసరికి దాలయ్య రొప్పుతూ కేకేశాడు.

“ఇంకెందాకా, అత్తా? అవతల గొయ్యే కదా!”

“ఆ నోరు ఆగేదాకా దించకు” అంది ఎర్రమ్మ, తనకూ ఊపిరాడకపోయినా.

అంతలో సంగతి విని హారతికని వచ్చిన ముత్తయిదువలు కొత్తమనిషి నోట్లో బెల్లపు చలిమిడి ముద్ద పెట్టారు. అది పళ్లకు అంటుకుని ఆమెకు నోరు పెగల్లేదు. మాట ఆగిన ఆ చోటే తల్లిని దించారు.

అమావాస్య పోటు పాత అరుగును ఆనవాలు లేకుండా తీసుకుపోయింది. నాటి నుంచి రేవమ్మకు మోయమ్మ అనీ, ఆ గుట్టకు మోయమ్మమెట్ట అనీ పేర్లు నిలిచాయి. ఇప్పటికీ ఉత్సవం నాడు జనం “మోయ్” అంటున్నంతసేపూ పల్లకీ నడుస్తుంది. అందరి నోళ్లలో చలిమిడి పడ్డాకనే దిగుతుంది.

పోటు తగ్గిన కొన్నాళ్లకు కోట దుబాసి ఆదిమూర్తి పంతులు మెట్టెక్కి వచ్చి, వలందా భాషలో ఆ మాటకు మొయ్యమని కాదు, “ఎంత అందంగా ఉందో” అని అర్థమని గుట్టుగా చెప్పాడు. పసుపు కలుపుతున్న ఎర్రమ్మ చెయ్యి ఆగింది.

“అమ్మనే సూసి అంది కదా, బాబూ?”

“అమ్మవారిని చూసే, ఎర్రమ్మా.”

“మరేటి తప్పు!” అని ఆమె మళ్లీ పసుపు కలుపుకుంది.