అడగకుండా వెంట వచ్చేవి

హిమజ ముందు పందొమ్మిది ప్లగిన్లున్నాయి. వాటిలో ఏవి ఉండాలో ఏవి పోవాలో తేల్చమని విస్సన్న మాస్టారు ఆ జాబితా ఆమె చేతిలో పెట్టి పది రోజులైంది.

మాస్టారు కాకినాడలో పాలిటెక్నిక్ పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రిటైరయ్యాక చిన్న చిన్న ధర్మాసుపత్రుల కోసం ‘నాడి’ అని ఒక సాఫ్ట్‌వేర్ రాశారు. వచ్చిన రోగి పేరు, జబ్బు, ఇచ్చిన మందు అందులో ఎక్కించుకోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూడొచ్చు, బాగు చెయ్యొచ్చు. అలా ఎక్కడెక్కడి వాళ్ళో తలో చెయ్యీ వేసి, నాడికి తగిలించుకునే చిన్న చిన్న పనిముట్లు రాసిపెట్టారు. వాటినే ప్లగిన్లంటారు. మందుల నిల్వ చూసేదొకటి, టీకా తేదీ గుర్తుచేసేదొకటి. కావలసినవాళ్ళు కావలసినది వెతికి పెట్టుకుంటారు.

ఈసారి కొత్త నాడితో పాటు కొన్నిటిని ముందే కలిపి పంపుదామని అందరూ అనుకున్నారు. ఏవి కలపాలన్న దగ్గర పేచీ వచ్చింది. కాకి పిల్ల కాకికి ముద్దు కదా. ప్లగిన్ రాసిన ప్రతివాళ్ళూ తమది లేకపోతే ఆసుపత్రులు మూతపడతాయన్నట్టు ఉత్తరాలు రాశారు. హిమజ అన్నీ చదివింది. ఎన్ని ఆసుపత్రులు ఏది వాడుతున్నాయో పట్టిక వేసుకుంది. చివరికి పదకొండు ఏరింది.

పదకొండోది ఆమె రాసినదే. నిజం చెప్పాలంటే, ఆ పదకొండోదాని మీద మాట రాకూడదనే మిగతా పదీ అంత జాగ్రత్తగా ఏరింది. హైదరాబాదులో మంచి ఉద్యోగం వదులుకుని మాస్టారి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చి రెండేళ్ళయింది. ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ ఏం సాధించావని అడుగుతూనే ఉన్నారు. నేను రాసింది దేశమంతా వెళుతోందని చెప్పుకోవడానికి ఆమెకు ఇదొక్కటే ఉంది.

ఆ ప్లగిన్ చేసే పని కూడా మంచిదే. ఒకే మనిషి రిజిస్టర్‌లో రెండుసార్లు పడితే కనిపెట్టి రెండు పద్దుల్నీ ఒకటి చేస్తుంది. ఇంటిపేరూ పేరూ ఫోను నంబరూ కలిస్తే ఒకే మనిషన్నమాట. వయసు ఎవరూ రెండుసార్లు ఒకేలా చెప్పరు కాబట్టి హిమజ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి ఇచ్చిన పదివేల పేర్ల మీద పరీక్షించి చూసింది. ఒక్క తప్పూ రాలేదు.

మాస్టారు జాబితా మొత్తం చదివారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"పదకొండోది నీదే కదూ?"

"నాదని పెట్టలేదు మాస్టారూ. రెండువందల నలభై ఆసుపత్రులు కోరి పెట్టుకున్నాయి. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు."

"కోరి పెట్టుకున్నాయి," అన్నారు మాస్టారు.

విస్సన్న చెప్పిందే వేదమని సామెత. ఈ విస్సన్నతో చిక్కేమిటంటే, ఆయన సగం చెప్పి ఊరుకుంటారు. మిగతా సగం విన్నవాళ్ళు పూరించుకోవాలి. హిమజ పూరించుకోలేదు. మెచ్చుకున్నారనుకుంది.

"అయితే పంపేద్దామా?" అని అడిగింది.

"పంపే ముందు ఒకచోట పెట్టి చూద్దాం. రేపు పొద్దున్నే బస్సు," అన్నారాయన.

కోరంగి దాటి సముద్రం వైపు వెళితే వేటకెళ్ళేవాళ్ళ పల్లె ఒకటుంది. అక్కడ రెండు గదుల ధర్మాసుపత్రి. డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చి చూసి, మందులు రాసి పోతాడు. మిగతా రోజుల్లో ఆ మందులు ఇచ్చేదీ, కట్టు కట్టేదీ, కసిరేదీ అన్నీ నర్సు రాహేలమ్మే. మూడేళ్ళుగా పాత నాడి వాడుతోంది.

మాస్టారు ముందు రిజిస్టర్ నకలు ఒకటి తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జేబులో పెట్టుకున్నారు. తర్వాత హిమజ కొత్త నాడిని పదకొండు ప్లగిన్లతో సహా ఎక్కించింది. నాడి తెరుచుకుంటూనే పదకొండోది తన పని తాను చేసుకుపోయింది. "అరవై ఒక్క జంటలు కలిశాయి," అంది హిమజ, ఆ అంకె మాస్టారికి కనబడేలా కొంచెం పక్కకి జరిగి.

"బాగుంది. ఇవాళ నువ్వు కిటికీ దగ్గర కూర్చో. పేర్లు పిలిచి, తెర మీద ఏముంటే ఆ చీటీ తీసి ఇయ్యి. రాహేలమ్మ గారు మందులిస్తారు," అన్నారు మాస్టారు. ఆయన మాత్రం వరండాలో రోగుల మధ్య బల్ల మీద కూర్చున్నారు.

పని హాయిగా సాగింది. నలుగురు వెళ్ళారు. ఐదో పేరు కామాడి నూకరత్నం. హిమజ పిలిచింది. ఏడేళ్ళ పిల్ల ఒకతె లేచి వచ్చింది. మెడ చుట్టూ తువ్వాలు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హిమజ చీటీ తీసి ఆ పిల్ల చేతికిచ్చి, ఆరో పేరు చూసుకుంటోంది.

లోపల్నుంచి రాహేలమ్మ గొంతు వినబడింది.

"అమ్మాయిగారూ, ఓసారి ఇలా రండి."

రాహేలమ్మ ఒక చేతిలో చీటీ, ఒక చేతిలో మాత్రల అట్ట పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల ఆమె ముందు చెయ్యి చాపుకుని నిలబడింది.

"ఇది సుగరు బిళ్ళండి. రెండు పూటలా వెయ్యమని ఉంది. ఈ పిల్లకి జొరం."

"పేరు నూకరత్నమేగా?" అంది హిమజ.

"ఆయ్, నూకరత్నమే. దీని మామ్మా నూకరత్నమే. అదిగో, ఆ చివర కూర్చుందే, ఆవిడండి. సుగరు ఆవిడకి."

చివర కూర్చున్న ముసలామె తన పేరు వినబడి నవ్వింది. "నా పేరే ఎట్టారమ్మా దానికి. మా ఇళ్ళల్లో పెద్దోళ్ళ పేర్లే పిల్లలకి," అంది.

"ఫోను నంబరు కూడా ఒకటే ఉంది," అంది హిమజ. తనలో తాను అనుకున్నట్టే అంది.

"ఇంటికి ఒకటే ఫోనండి. ఎంతమందికి ఉంటాయి?" అంది రాహేలమ్మ. "వీళ్ళని నేనెరుగుదును కాబట్టి సరిపోయింది. నేను సెలవెడితే పక్క ఊర్నుంచి ఒక పిల్లొస్తాదండి. దానికి చీటీలో ఏముంటే అదే."

హిమజ కిటికీ దగ్గరికి వెళ్ళి, కలిసిపోయిన అరవై ఒక్క జంటల్నీ తెరిచింది. రాహేలమ్మ పాత నోటుపుస్తకం తెచ్చి పక్కన కూర్చుంది. అందులో పెద్ద నూకరత్నం, బుల్లి నూకరత్నం, పెద్ద పోలయ్య, బుల్లి పోలయ్య అని వరసగా రాసుకుని ఉంది. ఒక్కొక్క పేరూ చూసుకుంటూ పోయారు. నిజంగా రెండుసార్లు పడ్డవాళ్ళు ఆరుగురు తేలారు. మిగతావాళ్ళంతా తాతలూ మనవలూ, మామ్మలూ మనవరాళ్ళూ. ఆ పిల్ల చాపిన చెయ్యి కళ్ళముందు నుంచి పోవడం లేదు.

మాస్టారు లోపలికి వచ్చి జేబులోని నకలు ఇచ్చారు. ఆమె పాత రిజిస్టర్‌ని యథాస్థానంలో పెట్టింది. బుల్లి నూకరత్నానికి జ్వరం మందు వెళ్ళింది. మామ్మకి సుగరు బిళ్ళ వెళ్ళింది.

"తప్పు నాదే మాస్టారూ," అంది హిమజ. "వయసు కూడా చూసేలా మారుస్తాను. వారం చాలు. అప్పుడు ఉంచొచ్చు కదా?" అంది.

మాస్టారు రాహేలమ్మ వైపు తిరిగారు.

"అమ్మా, ఒకే పేరున్నవాళ్ళని కలిపేసే పనిముట్టొకటి ఇందులో ఉందని మీకు తెలుసా?"

"నాకేం తెలుసండీ? మీరు పెట్టిచ్చారు. మీరు పెట్టారంటే మంచిదే అయ్యుంటాదని వాడుకుంటాం."

హిమజ తల వంచుకుంది. ఆ రెండువందల నలభై ఆసుపత్రుల వాళ్ళూ దాన్ని వెతుక్కుని, ఏం చేస్తుందో చదువుకుని, తమ చేత్తో పెట్టుకున్నారు. రాహేలమ్మ అడగనే లేదు. నిన్న మాస్టారు చెప్పకుండా వదిలేసిన సగం ఇప్పుడు ఆమెకి వినబడింది. వారం గడువు మాట మళ్ళీ ఎత్తలేదు.

మాస్టారు జాబితా కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద కలం పెట్టారు. "నేను మధ్యాహ్నం బస్సుకి పోతాను. నువ్వు నింపాదిగా రా," అని వెళ్ళిపోయారు.

హిమజ ముందు తనదాని మీద గీత కొట్టింది. అనుకున్నంత కష్టంగానే ఉంది. తర్వాత రోగులు పలచబడ్డాక, మిగతా పదీ ఒక్కొక్కటే రాహేలమ్మకి తెరిచి చూపించింది. ఇది మీకు తెలియకుండా ఉంటే నష్టమా, ఇది లేకపోతే మీకు పని ఆగుతుందా అని అడుగుతూ పోయింది. మందుల నిల్వ చూసేదాన్ని రాహేలమ్మ కచ్చితంగా కావాలంది. టీకా తేదీదీ, కరెంటు పోయినా రాసింది పోకుండా కాచేదీ ఉండాలంది. మిగతా ఏడింటికీ "ఉంటే ఉండనీండి, మాకేం పన్లేదు" అంది.

ఆ ఏడింటిలో జాబితాలో అన్నిటికన్నా పైన ఉన్నదొకటి. ఏ నెలలో ఏ జబ్బు ఎక్కువైందో రంగుల్లో బొమ్మ గీసి చూపిస్తుంది. తెరిస్తే పువ్వు విచ్చుకున్నట్టుంటుంది. దాన్ని నాలుగేళ్ళు కూర్చుని రాసింది విస్సన్న మాస్టారే.

"బొమ్మ ముచ్చటగా ఉందండి," అంది రాహేలమ్మ. "కానీ అది తెరుచుకునేలోగా ముగ్గురు రోగులెళ్ళిపోతారు."

హిమజ కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. గురువు పని మీద గీత కొట్టడం ఏ శిష్యురాలికి సులువు? దాన్ని వదిలేసి మిగతా ఆరూ కొట్టేసింది. వదిలేసిన ఆ ఒక్కదాన్నీ చూస్తే, నిన్న తన పదకొండోది కూడా ఇలాగే ఉండిపోయిందని తోచింది. చివరి బస్సు హారన్ కొట్టేసరికి దాని మీదా గీత పడింది.

మర్నాడు పొద్దున జాబితా మాస్టారి ముందు పెట్టి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మూడు మిగిలాయి. మొదటిది కూడా కొట్టేశాను మాస్టారూ," అంది.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూశారు. పై వరసలోని గీతని వేలితో ఒకసారి తడిమారు.

"నాలుగుసార్లు కలం పట్టుకున్నానమ్మా. చేతులు రాలేదు," అన్నారు. "అందుకే ఆ జాబితా నీకిచ్చాను."