వేపరెమ్మల విందు

ఒకానొక రాజ్యంలో రాజుగారికి శత్రువుల బెడద లేదు. ఉన్న బెడదంతా చుట్టాలదే. ఆ రాజ్యం పేరు కుందవరం, రాజుగారి పేరు గజకేసరి భూపతి. పేరుకు తగ్గట్టు ఆయన నడిచినా, కూర్చున్నా, ఆఖరికి తుమ్మినా దర్జాగానే ఉండేది.

ఆయనకొక సిద్ధాంతం ఉండేది. రాజన్నవాడు దేన్నీ బాగుందనకూడదు. బాగుందన్నాడంటే, అంతకన్నా మంచిది ఇతగాడు ఎరగడని పక్కవాళ్ళు అనుకుంటారట. అందుకని ఏనుగును చూపిస్తే తొండం పొట్టి అనేవారు. వీణ వినిపిస్తే ఒక తీగ వదులైందనేవారు. విస్తరి ముందు కూర్చుంటే ఇక చెప్పనే అక్కర్లేదు. చుట్టాలు ఈ విద్యను ఆయన దగ్గరే నేర్చుకుని ఆయన్ని మించిపోయారు. భోజనంలో ఎన్ని వంకలు పెడితే అంత పెద్దింటివాళ్ళమని వాళ్ళ నమ్మకం.

ఏటా విజయదశమి మధ్యాహ్నం కోటలో బంధువులందరికీ విందు జరిగేది. అందరిలోకీ ఇద్దరు ముఖ్యులు. ఒకరు రాజుగారి మేనమామ పెద్దిరాజు. ఆయన పది బూరెలు తిని, పదకొండోది చేతిలో పట్టుకుని, పూర్ణంలో తీపి చాలలేదనేవాడు. రెండోవారు మేనత్త వీరమాంబ. ఆవిడ పల్లకీలో వచ్చేది. పల్లకీ వెనక ఒక ఎడ్లబండి వచ్చేది. బండిలో బొంతల కింద ఖాళీ తపేలాలు ఉండేవి. అవి ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

కోటలో పూర్వం నుంచీ ఒక ఆనవాయితీ ఉంది. విందు అయ్యాక గంగాళాల్లో మిగిలినదంతా వంటశాలలో పనిచేసే ముప్పై ఇళ్ళవాళ్ళు పంచుకుని పట్టుకెళ్ళాలి. అది విస్తళ్ళలో ఎంగిలి కాదు, గరిటె తప్ప మరొకటి తగలని శుభ్రమైన భోజనం. తెల్లవారకముందే కోటకు వచ్చి పొయ్యిల ముందు నిలబడేవాళ్ళకి సొంత ఇంట్లో పొయ్యి వెలిగించే తీరిక ఎక్కడిది? కాబట్టి ఆ మిగిలిందే వాళ్ళకు పండగ. అయితే మూడేళ్ళుగా చుట్టాలు ఆ గంగాళాలను కూడా ఊడ్చుకుపోతున్నారు.

ఆ ఏడు పండగ నాలుగు రోజులుందనగా పెద్దవంటామె సూరమ్మ, ఆస్థానంలో ఉండే విరూపన్న దగ్గరకు వెళ్ళింది. విరూపన్న మాటకారి. రాజుగారికి నవ్వు రావాలన్నా ఆయనే కావాలి, తీర్పుల్లో చిక్కుముడి పడ్డా ఆయనే కావాలి.

"అయ్యగారూ, నిరుడు బూరెలన్నీ బండెక్కిపోయాక మేం ఇళ్ళకు పోయి పిల్లలకు గంజి పోశాం. వాళ్ళు నా చెయ్యి వాసన చూసి, అమ్మా నీ చేతికి నెయ్యి వాసనొస్తోందే అన్నారు. ఈసారి కూడా అట్లాగే అయితే నేనింక వండలేను" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

విరూపన్న తిన్నగా రాజుగారి దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పాడు.

రాజుగారు మీసం దువ్వి, చుట్టాలను కాదనడం తమ ఇంటా వంటా లేదన్నారు. నిజానికి పెద్దిరాజుకు కోపం వస్తే మూడు నెలలు కోటలోనే తిష్ఠ వేసి అలుగుతాడని ఆయన భయం. అది పైకి చెప్పుకోలేక విరూపన్న మీదికే తిప్పారు. "నువ్వంత గడుసువాడివి కదా, ఈసారి పంపకం నువ్వే చెయ్యి. వంటవాళ్ళకు దక్కాలి. చుట్టాల్లో ఒక్కరు కూడా మేం కాదన్నామని అనకూడదు. అన్నారో, ఏడాది పొడుగునా మా పెద్దిరాజు మామ పక్కన కూర్చుని నువ్వే భోంచెయ్యాలి."

సభలో ఉన్నవాళ్ళు విరూపన్న వంక జాలిగా చూశారు. ఆయన మాత్రం సరేనని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

పండగ రోజు రానే వచ్చింది. పంక్తి పొడుగునా అరిటాకులు వేశారు. దప్పళం, గారెలు, బూరెలు, పులిహోర, పాయసం గంగాళాల నిండా వరసగా నిలబెట్టారు. విరూపన్న ఒక బుట్ట నిండా లేత వేపరెమ్మలు పట్టుకుని పంక్తి ముందుకు వచ్చి, అందరికీ వినిపించేలా ఒక మనవి చేసుకున్నాడు. ఇంత రుచి తెలిసిన బంధువులు ఒక్కచోట కూడడం వంటశాలకు అదృష్టమట. అందుకని ఎవరికి ఏ వంటకంలో లోపం కనబడినా దయచేసి సెలవిస్తే, వారి పేరు చెప్పి ఆ గంగాళానికి ఒక వేపరెమ్మ కడతాడట. ఎవరి రెమ్మలు ఎక్కువైతే వారి నాలుక అంత గొప్పదని అందరికీ తెలుస్తుందట.

ఇంతకన్నా ఏం కావాలి? పెద్దిరాజు ఆకులో గారె పడకముందే, గారె గట్టిగా ఉందన్నాడు. విరూపన్న ఆయన పేరు పెద్దగా పలికి గంగాళానికి రెమ్మ కట్టాడు. వీరమాంబ ఊరుకుంటుందా? దప్పళంలో ఉప్పు లేదంది, బూరెలకు నెయ్యి లేదంది, పాయసంలో ఏలకులు మరీ ఎక్కువయ్యాయంది, తక్కిన వంటకాలకూ తలా ఒక వంక పెట్టింది. ఆ పక్కన పినతండ్రులు, ఈ పక్కన పెదతల్లులు, వెనకాల వియ్యాలవారు, ఒకరిని మించి ఒకరు వంకలు పెట్టారు. తింటూనే పెట్టారు, మారు వడ్డించమని పెట్టారు. ఒకాయన మంచినీళ్ళు చప్పగా ఉన్నాయన్నాడు. కూజాకు కూడా రెమ్మ పడింది.

గుమ్మం చాటు నుంచి చూస్తున్న సూరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. సాయం చేస్తానన్న మనిషే తన వంటను ఇలా నగుబాటు చేస్తున్నాడేమిటని ఆమె బాధ.

చుట్టాలందరూ ఇంత రుచి తెలిసినవాళ్ళయితే, రాజుగారు ఎలా వెనకబడతారు? ఆయన గొంతు సవరించుకుని, ఒక్కొక్క గంగాళాన్నే వేలితో చూపిస్తూ అన్నిటికీ తలా ఒక వంక పెట్టారు. పులిహోర దగ్గరకు వచ్చేసరికి ఒక్క క్షణం తటపటాయించి, పులుపు చాలలేదన్నారు. విరూపన్న రాజుగారి రెమ్మలకు మాత్రం ప్రత్యేకంగా ఎర్రదారం కట్టాడు. భోజనాలు ముగిసేసరికి గంగాళాల మూతులు ఆకుల చాటున కనబడకుండా పోయాయి.

తాంబూలాలు అయ్యాయి. బండిలోంచి తపేలాలు దిగాయి. వీరమాంబ ముందుగా దప్పళం వైపు నడిచింది. విరూపన్న చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"మన్నించాలి అమ్మగారూ. ఉప్పు లేని దప్పళాన్ని మీతో పంపిస్తే, మీ ఊళ్ళో నలుగురూ ఏమనుకుంటారు? కోటలో పనికిరానిది ఈవిడకు అంటగట్టారనరా? ఆ పాపం రాజుగారికి చుట్టుకోదా? మీరు రెమ్మ కట్టించని వంటకం ఏదైనా ఉంటే, గంగాళంతో సహా నేనే బండెక్కిస్తాను."

వీరమాంబ వరస పొడుగునా చూసింది. తన రెమ్మ లేని గంగాళం ఒక్కటీ లేదు. పెద్దిరాజు కూడా లేచి వెతికి వచ్చాడు. తక్కినవాళ్ళు వంగి వంగి చూసుకున్నారు.

"ఏదో మాటవరసకు అన్నానులే నాయనా" అంది వీరమాంబ నీళ్ళు నములుతూ.

విరూపన్న రాజుగారి వైపు తిరిగాడు. "ప్రభూ, తమ వంశంలో మాటవరసకు మాట్లాడే అలవాటు ఉందా?"

రాజుగారికి పౌరుషం వచ్చింది. "ఎంతమాత్రం లేదు. మావాళ్ళు అన్నారంటే అన్నట్టే."

ఇక రాజుగారు కాదన్నారని చుట్టాలు అనడానికి లేదు, అవన్నీ వాళ్ళే కాదన్న వంటలు. పెద్దిరాజు మొహం చిన్నబుచ్చుకుని, "అయితే ఇవన్నీ నీకే మిగిలాయన్నమాట, అల్లుడూ" అన్నాడు.

రాజుగారు ఆ మాటకు లోలోపల పొంగిపోయారు. ఆయనకు మర్నాటి పొద్దున్న తినే చద్ది పులిహోరంటే ప్రాణం. రాత్రంతా ఊరి, పులుపూ ఇంగువా మెతుకు మెతుక్కీ పట్టాక దాని రుచే వేరు. మూడేళ్ళుగా చుట్టాల వల్ల అది ఆయనకూ దక్కడం లేదు. "అవును మామా, మాకే" అంటూ పులిహోర గంగాళాన్ని లోపల పెట్టించమన్నారు.

విరూపన్న ఆకుల మధ్య వెతికి, ఎర్రదారం కట్టిన రెమ్మను పైకి తీసి చూపించాడు. "ఇది తమది, ప్రభూ. పులుపు చాలలేదని సెలవిచ్చారు."

అందరూ రాజుగారి వైపే చూశారు. ఆయన గతుక్కుమన్నారు. విరూపన్నను దగ్గరకు పిలిచి, చెవిలో, "నా మాట ఒక్కటి వెనక్కి తీసుకుంటేనో?" అని అడిగారు.

"నిక్షేపంగా తీసుకోవచ్చు ప్రభూ. పెద్దిరాజుగారు అందుకోసమే కాచుకుని కూర్చున్నారు. తమరు ఒక్కటి తీసుకుంటే ఆయన పన్నెండు తీసుకుంటారు."

రాజుగారు చూశారు. పెద్దిరాజు నోరు తెరుచుకుని, తపేలా ఒళ్ళో పెట్టుకుని, రాజుగారి పెదవులనే చూస్తున్నాడు. అది చూసేసరికి రాజుగారికి నవ్వు ఆగలేదు. దర్జా సంగతి మరిచిపోయి, కళ్ళ నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. నవ్వాక, "ఏ వంటకానికీ ఏ వంకా పెట్టనివాళ్ళు ఈ కోటలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"వండినవాళ్ళున్నారు ప్రభూ. వాళ్ళింకా తినలేదు" అన్నాడు విరూపన్న.

గంగాళాలన్నీ వంటశాలకు చేరాయి. ఖాళీ తపేలాలు గణగణమంటూ బండిలో వచ్చిన దారినే వెళ్ళాయి. రాజుగారు తన భుజం మీది పట్టు శాలువా తీసి విరూపన్నకు కప్పి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు. ఇక మీదట వంటవాళ్ళ వాటా విందు అయ్యాక కాదు, పంక్తి వేయకముందే తీసి పక్కన పెట్టాలని విరూపన్న కోరాడు. రాజుగారు అప్పటికప్పుడే సరేనన్నారు.

సాయంత్రం వంటశాల పెరటివైపు గుమ్మంలో సూరమ్మ పొట్లాలు కడుతోంది. ఎవరో వచ్చి నిలబడ్డ అలికిడైతే తలెత్తి చూసింది. వచ్చింది రాజుగారే. చేతిలో ఆకుదొప్ప ఉంది.

"పొద్దుటికి కాసింత పులిహోర" అన్నారు ఆయన మెల్లగా.

"పులుపు చాలలేదన్నారు కదా దొరా" అంది సూరమ్మ తల వంచుకుని.

రాజుగారు వెనక్కి తిరిగి చుట్టాలెవరూ లేరని చూసుకున్నారు. "చాలింది సూరమ్మా. బాగుంది. చాలా బాగుంది."

ఇరవై రెండేళ్ళుగా ఆ కోటలో వండుతున్న సూరమ్మ ఆ మాట వినడం అదే మొదలు. ఆమెకు గుండె నిండిపోయింది. కళ్ళు తుడుచుకుని, చేతిలో పొట్లానికి ముడి వేసి మరో ఆకు అందుకుంది.

"ఉండండి దొరా, ముందు పిల్లలవి కట్టనివ్వండి. తరవాత తమరికి."

గజకేసరి భూపతి నవ్వుకుంటూ, దొప్ప పట్టుకుని, గుమ్మం పక్కన నిలబడ్డారు.