సూపు కుండ మీద మూత

చెరకు తోట పక్కన బెల్లం వండే పాక ఒకటి ఉంది. పొద్దు వాలగానే మనుషులు ఇళ్లకు పోయారు. పొయ్యిలో నిప్పులు మిగిలాయి. పుష్యమాసం, మంచు అప్పుడే దిగుతోంది.

పాకలో కోడి చుక్కమ్మకి మిగిలింది ఒక్కటే పిల్ల. అది జలుబు చేసి ముడుచుకు పడుకుంది, గింజ ముట్టడం లేదు. వేడిగా కూరగాయల సూపు గొంతులో పడకపోతే ఈ చలికి ఆగదని గేదె కాటుకమ్మ అంది. అని ఊరుకోకుండా గట్టు మీది సొరకాయ తెచ్చింది. కుందేలు కేరెట్లు తెచ్చింది. చుక్కమ్మ కాలువ ఒడ్డున గీరి గీరి చేమదుంపలు తీసింది. ఉడికాక ఒలుచుకోవడం సుళువని తొక్కతోనే పొయ్యి మీది కుండలో వేసి మూత పెట్టింది.

అప్పుడొచ్చింది నక్క, వట్టి చేతులతో. పిల్లకి బాగాలేదని తెలిసి ఆగలేకపోయానంది. చలికి వచ్చినవాళ్లు ఎవరైనా పొయ్యి దగ్గర చేరతారు. నక్క మాత్రం గోడ వారగా, పిల్ల పడుకున్న గడ్డి బుట్టకి కాస్త ఇవతల కూర్చుంది. అది చుక్కమ్మకి నచ్చలేదు.

కాసేపటికి నక్క కుందేలు చెవిలో ఏదో ఊదింది. కుందేలు లేచి వెళ్లి మూత తీసి చూసుకుంది.

"కేరెట్లు తగ్గినట్టున్నాయి పెద్దమ్మా. నీ మూతి తడిగా ఉందేం?" అని గేదెని అడిగింది.

"నా మూతి ఎప్పుడు పొడిగా ఉంది గనక" అంది కాటుకమ్మ. కానీ ఆ మాట గుచ్చుకుంది. నక్క ఈసారి దాని పక్కకి చేరి, మూత తీసిన చెయ్యి ఊరికే వస్తుందా అని గొణిగింది. కాటుకమ్మ వెళ్లి సొరకాయ ముక్కలు చూసుకుంది. మళ్లీ కుందేలు. మళ్లీ గేదె. మూత లేచినప్పుడల్లా ఆవిరంతా పోయి, కుండలో ఉడుకు అణిగిపోతోంది.

అందరూ కుండలోకి చూస్తుంటే చుక్కమ్మ నక్కని చూసింది. నక్క కుండ వైపు చూడటం లేదు. బుట్ట వైపు చూస్తోంది. ఇందాకటి కంటే దగ్గరగా కూడా జరిగింది.

పైకి అంటే కాదంటుంది, సాక్ష్యం ఏముంది? చుక్కమ్మ కుండలోంచి ఒక చేమదుంప తీసి ముక్కుతో నొక్కింది. తొక్క ఊడి రాలేదు, లోపల ఇంకా పచ్చిగానే ఉంది. ఒళ్లంతా గోధుమరంగు పీచు, పట్టుకుంటే వెచ్చగా, తన పిల్లంతే ఉంది. గడ్డి సర్దుతున్నట్టు వంగి, పిల్లని రెక్క కిందికి తీసుకుని దుంపని బుట్టలో పడుకోబెట్టింది. నక్క మంచిదే అయితే దుంప అక్కడే ఉంటుంది.

"నాకూ అనుమానంగానే ఉంది, దుంపలు తగ్గాయి. అందరూ ఒకసారి ఇటు రండి" అని పిలిచింది.

గేదె, కుందేలు కుండ మీదికి వంగాయి. వెనక గడ్డి చప్పుడైంది. తిరిగి చూస్తే నక్క లేదు, దుంపా లేదు.

ఆ వెంటనే చెరకులోంచి దగ్గు వినిపించింది. నక్క బయటికి వచ్చి నాలుక నేలకేసి రాసుకుంటోంది, మెడ గీక్కుంటోంది. నోట్లో జిగురు, గొంతులో దురద. ఏం పెట్టావక్కా అని అడగబోయింది, గొంతు పెగల్లేదు.

"పచ్చి చేమదుంప తమ్ముడూ" అంది చుక్కమ్మ. "కుదురుగా ఉడికి ఉంటే ఇంత దురద ఉండేది కాదు. ఉడకనిచ్చావా నువ్వు?"

నక్క కాలువ వైపు పరిగెత్తింది. కాటుకమ్మ, కుందేలు ఒకదాని మొహం ఒకటి చూసుకోలేకపోయాయి. కుందేలు మూత పెట్టింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సూపు గలగలా మరిగింది, దుంపలు వెన్నలా ఉడికాయి. పిల్ల ఒక్కో చుక్కా మింగి, రెక్క కిందనుంచి తల బయటపెట్టి ఇంకా కావాలంది.

కాలువ దగ్గర దగ్గు మాత్రం ఆగలేదు.

మనల్ని ఒకవైపు చూడమని చెప్పేవాడు తనెటు చూస్తున్నాడో ముందు చూసుకోవాలి.