కంపదొడ్డిలో వాటా

పొద్దున. రాత్రి పట్టిన వాన వెలిసింది, ఎండ ఇంకా రాలేదు. వాగు ఒడ్డున చిట్టడవిలో ఏనుగు దొడ్డమ్మ రేగుకంపలు విరిచి, తొండంతో లాక్కొచ్చి, గుండ్రంగా పేరుస్తోంది.

పిల్లల తల్లులంతా నిలబడి చూస్తున్నారు. నెమలి పెట్ట నీలాంబ, కౌజుపిట్ట తవిటమ్మ, కుందేలు చెవులమ్మ, ముళ్లపంది సూదెమ్మ. పిల్లలు కాళ్లకు అడ్డం పడుతున్నారు.

పోయినేడు దొడ్డమ్మ వెలగపళ్లు రాశిపోసి, "తల్లులకు పంచండి" అని మగ పెద్దలకు అప్పజెప్పింది. వాళ్లకు పెద్ద, అడవిపంది కోరలయ్య. ఎలా పంచాలో తేల్చడానికి ఆయన సభ పెట్టాడు. సభలో అందరికీ ఆకలేసింది. సభ ముగిసేసరికి పళ్లు లేవు, తీర్మానం మాత్రం ఉంది.

"ఈసారి నేరుగా మీ చేతికే ఇస్తున్నా," అంది దొడ్డమ్మ. "కోరలయ్య అడిగితే నా దగ్గరికి పంపండి. మగాళ్లు తినగా మిగిలితే మీకు అనడం ఇక కుదరదు. ఆడామగా సమానం. మేతకు పోతే పిల్లల్ని ఎవరు చూస్తారన్నదే కదా మీ బాధ? పిల్లలు ఈ కంపదొడ్డిలో ఉంటారు. వంతులేసుకుని ఒకరు వాకిట్లో కాపలా ఉండండి. మిగతావాళ్లు కడుపారా మేసి రండి. ఇది ఏ ఒక్కరిదీ కాదు, మీ సంఘానిది."

తర్వాత తొండం చాచి కౌజుపిట్ట తల నిమిరింది.

"నువ్వొచ్చి చెప్పబట్టి నాకు తట్టింది తవిటమ్మా. ఇంత చిన్న తలలో ఎంత ఆలోచన!"

"నాదేముంది దొడ్డమ్మా, అందరం అనుకున్నదే."

నీలాంబ మెడ బిగుసుకుంది. అందరం అనుకున్నామా? ఎండాకాలంలో వాగు దగ్గర, "చుట్టూ కంప ఉంటే పిల్లల్ని వదిలి పోవచ్చు" అన్నది ఎవరు? తనే. అప్పుడు తవిటమ్మ పక్కనే మట్టిలో పొర్లుతోంది. విన్నది, మోసుకెళ్లి చెప్పింది, తల నిమిరించుకుంది.

నాలుగు రోజులకే దొడ్డికి పేరు పడిపోయింది. తవిటమ్మ దొడ్డి. దారిన పోయే దుప్పులు అదే అన్నాయి. చెట్టు మీది కాకులూ అదే అన్నాయి.

ఇంట్లో మగనెమలి తోక సర్దుకుంటూ, "ఆ మట్టిరంగు పిట్టకు మహా పేరొచ్చిందటగా," అన్నాడు. "అయినా నీకేం తక్కువ? నా పెళ్లానివి."

నీలాంబ అటు తిరిగి కూర్చుంది.

కడుపు నిండుతోంది, నిజమే. పిల్లలు ఒళ్లు చేశారు, అదీ నిజమే. ఆమెకు అవేవీ కనపడలేదు. తవిటమ్మ వంతు రోజున పిల్లలు ఆమె వెనక వరసకట్టి పాడతారు. తన వంతు రోజున కొట్టుకుంటారు. అదొక్కటే కనపడింది.

నక్కకు కూడా అదే కనపడింది. ఓ మధ్యాహ్నం జొన్నచేను గట్టు మీద ఎదురైంది.

"ఏమక్కా, చిక్కిపోయావు?"

"బాగానే మేస్తున్నా."

"మేతకేం, ఉంది. మనసులో ఏదో ఉంది. పోనీలే, నాకెందుకు." రెండడుగులు వేసి ఆగింది. "ఆ దొడ్డి ఎవరిదక్కా?"

"అందరిదీ."

"మరి జనం ఏమంటున్నారు?"

నీలాంబ గింజ కోసం వెతుకుతున్నట్టు తల దించుకుంది.

"తవిటమ్మ దొడ్డి అంటున్నారు. వాగవతల కూడా అదే మాట. నాకే చెవులు మండాయి. ఆడామగా సమానం అంది కదా దొడ్డమ్మ. మరి ఆడవాళ్లూ ఆడవాళ్లూ సమానం కాదా? వాటాలు వేయించు. ఎవరి కంప వాళ్ల ఇంటి చుట్టూ పెట్టుకుంటారు. నీది నీలాంబ దొడ్డి అవుతుంది."

"ఇందులో నీకేంటి లాభం?"

"నాకా? న్యాయం జరిగితే చాలక్కా. కడుపు నిండినట్టే."

మర్నాడు పొద్దున్నే నీలాంబ సంఘాన్ని పిలిచింది. మాట ఎక్కువ పొడిగించలేదు. "వాటాలేద్దాం. సమానంగా."

"పంచితే చుట్టూరా రాదేమో వదినా," అంది తవిటమ్మ.

"కంప రాదా? నీ పేరు పోతుందా?"

చెవులమ్మ చెవి గోక్కుంది. "నేను కాపలా ఉన్న రోజే వాన పడుతోంది. తవిటమ్మ వంతుకు ఎండ కాస్తోంది. నేను అనకూడదు గానీ, గమనించాను."

"నాకు ముళ్లు ఒంటినిండా ఉన్నాయి," అంది సూదెమ్మ. "అయినా నా వాటా నాకు రావాల్సిందే."

తవిటమ్మ అందరి ముఖాలూ చూసింది. "సరే," అని ముందు తనే వెళ్లి ఓ రెమ్మ పట్టుకుని లాగింది.

పంపకం ఎంత ధర్మంగా జరిగిందంటే, ఓ కొమ్మ పొడుగైందని విరిచి మరీ పంచుకున్నారు.

నీలాంబ తన వాటాను తన పొద దగ్గరికి చేర్చింది. ముందు పెడితే వెనక ఖాళీ. వెనక పెడితే ముందు ఖాళీ. నిలబెట్టింది, పడుకోబెట్టింది, కొమ్మకూ కొమ్మకూ మధ్య సందు వదిలి చూసింది. ఎలా పెట్టినా ఒక వైపు నోరు తెరుచుకునే ఉంది. చివరికి ఆ తెరిచిన వైపు తనే కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుంది. పిల్లలు ఆకలని పోరుపెట్టారు. తనకూ కళ్లు తిరుగుతున్నాయి.

"కంప కిందికి దూరి కదలకుండా ఉండండి. ఇలా వెళ్లి అలా వచ్చేస్తా."

ఆ పూట నలుగురు తల్లులూ, నాలుగు చోట్ల, పిల్లలకు అదే మాట చెప్పి వెళ్లారు.

నీలాంబ తిరిగొచ్చేసరికి తెరిచిన వైపున నక్క కూర్చుని ఉంది. తీరిగ్గా మూతి నాక్కుంటోంది. పెదవికి గోధుమరంగు నూగు అంటుకుని ఉంది.

తన పిల్లలది కాదు. ఆ రంగు తన పిల్లలది కాదు. గుండె ఒక్కసారి తేలికపడింది. అలా తేలికపడినందుకు మరుక్షణమే సిగ్గుపడింది.

కంప కింద నాలుగు జతల కళ్లు మెరుస్తున్నాయి.

"న్యాయం జరిగిందా తమ్ముడూ?" అంది నీలాంబ.

"సగమే జరిగిందక్కా."

నీలాంబ ఎడమ రెక్క నేలకు వాల్చింది. ఓ కాలు ఈడ్చింది. "అయితే కానీ. చేలో ఉచ్చుకు తగిలి రెక్క విరిగింది. నేనెలాగూ బతకను. గుప్పెడు లేని పిల్లల్ని తిని నీకేం వస్తుంది?"

నక్క పిల్లల్ని చూసింది. తల్లిని చూసింది. తల్లి బాగా మేసి ఉంది. నక్క ఒక్క దూకు దూకింది. నీలాంబ మూరెడు అవతల పడింది. మళ్లీ దూకింది. మళ్లీ మూరెడు. రెక్క ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ, వాగు పక్కన రెండు బండల మధ్య ఇరుకు సందులోకి దారితీసింది. సందుకు అవతలి వైపు దారి లేదు. నక్క వెనకే దూరి, నడుం దగ్గర ఇరుక్కుంది.

విరిగిన రెక్క టపటపా కొట్టుకుంది. నీలాంబ బండ మీదికి ఎగిరి, అడవంతా అదిరేలా అరిచింది.

"కంప! మీ వాటాలు తెండర్రా! వాగు సందుకు తెండి!"

అందరికంటే ముందు తవిటమ్మ వచ్చింది, ముక్కున రెమ్మ కరుచుకుని. మళ్లీ వెళ్లింది, మళ్లీ తెచ్చింది. ఏడవడానికి కూడా ఆగలేదు. చెవులమ్మ ఓ కొమ్మ ఈడ్చుకొచ్చింది. సూదెమ్మ మిగతావి నెట్టుకొచ్చింది. మూడు వాటాలు పేర్చినా సందు నోటికి ఇంకా ఖాళీ ఉంది. నక్క ఎలాగో నడుం విడిపించుకుని, వెనక్కి తిరిగి ఆ ఖాళీ మీదికి ఉరికింది. సూదెమ్మ అక్కడ వీపు తిప్పి, ఒంటి ముళ్లన్నీ లేపి నిలబడింది.

"రా నాయనా, రా. న్యాయం చేస్తా."

ఈలోగా నీలాంబ తన వాటా లాక్కొచ్చింది. కాళ్లు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. దాన్ని ఖాళీలో కూరింది. అప్పుడు మూసుకుంది సందు.

"అక్కా, ఇదేమన్నా బాగుందా?" అంది నక్క లోపలినుంచి.

"వాటాలన్నీ కలిపి నీకే ఇచ్చాం తమ్ముడూ. ఇంకా ఏం కావాలి?"

నక్క ఏడ్చింది, ఒట్లు వేసింది, తిట్టింది. చివరికి కళ్లు మూసుకుని కంప మీద పడింది. చెవి చీల్చుకుని, తోక బొచ్చంతా ముళ్లకు వదిలి, కుంటుకుంటూ వాగు దాటింది. ఈ ఒడ్డున దాన్ని మళ్లీ ఎవరూ చూడలేదు.

దడిని వాటాలేసుకున్నవాళ్లకు చేతికొచ్చేది ముళ్లే.

చీకటి పడేలోగా కంపలన్నీ వెనక్కి మోసి, మునుపటి చోటే గుండ్రంగా పేర్చారు. ఎవరి కొమ్మ ఏదో ఎవరూ అడగలేదు. నీలాంబ తవిటమ్మ పక్కకు వచ్చి నిలబడింది. ఏదో అనబోయింది.

"మొదట అన్నది నువ్వే వదినా," అంది తవిటమ్మ, దొడ్డిలోకి చూస్తూ. "వాగు దగ్గర. నాకు గుర్తుంది."



నీలాంబ వాకిట్లో నిలబడి, లోపలికి పోతున్న పిల్లల్ని లెక్కపెట్టింది. తనవి నాలుగు. చెవులమ్మవి మూడు. సూదెమ్మవి రెండు. తవిటమ్మవి అయిదు. పొద్దున ఆరు.

మళ్లీ లెక్కపెట్టింది. ఈసారి తవిటమ్మ పిల్లలతో మొదలుపెట్టి.