తొమ్మిదో ఆదివారం

గుంటూరు ఆటోనగర్‌లో మీరావలి మాస్టారి దగ్గర పదేళ్ళు పని నేర్చుకుని, పక్క వీధిలోనే సొంత షెడ్డు పెట్టుకున్న దానియేలు ఒకనాటి మధ్యాహ్నం విసుగ్గా వచ్చి ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు.

"మాస్టారూ, ఒక టీచరు గారికి పాత కారు చూసిపెడుతున్నాను. చూడ్డానికి ముచ్చటగా ఉండాలంటారు, వాడుకకి నమ్మకంగా ఉండాలంటారు, పెట్టగలిగిందేమో కొంచెం. ఏడు వారాల్లో ఏడు కార్లు చూపించాను. ప్రతిదానికీ ఏదో వంక. లోపం కార్లలో ఉందంటారా, ఆవిడలో ఉందంటారా?"

పాత కార్లు పరీక్షించడంలో మీరావలి మాస్టారిది ఆ చుట్టుపక్కల పేరున్న చెయ్యి. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని బండి ఒంటి మీద ఆనించుకుంటూ వెళ్ళి, అది అంటుకోని చోట రంగు కింద లప్పం ఉందని, ఆ బండి ఎప్పుడో గట్టి దెబ్బ తిన్నదని తేల్చేసేవారు.  శిష్యుడు అడిగింది విని ఆయన చేతులు తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చుని, చిదంబరరావు గారనే ఆయన సంగతి చెప్పారు.

చిదంబరరావు గారు ఒక కాలేజీలో లైబ్రేరియన్. యాభై దాటిన మనిషి. భార్య పోయి రెండేళ్ళయింది, పిల్లలు లేరు. "దర్జాగా కనబడాలండీ, రోజూ వాడుకోవడానికీ పనికిరావాలి. మూడు లక్షలు దాటలేను" అని ఆయన వచ్చి చెప్పినప్పుడు మాస్టారికి అదేమంత కష్టమైన పని అనిపించలేదు.

ఆదివారం తొమ్మిదింటికల్లా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని షెడ్డు ముందు నిలబడేవారు. ఇద్దరూ మాస్టారి స్కూటర్ మీద తెనాలో, చీరాలో, నరసరావుపేటో, ఎక్కడ కారు అమ్మకానికి ఉందంటే అక్కడికి వెళ్ళేవారు. మాస్టారు బానెట్ ఎత్తి ఇంజను చూస్తుంటే, చిదంబరరావు గారు ఆ ఇంటివాళ్ళతో వరండాలో కూర్చుని కబుర్లలో పడేవారు. ఈ కారులో ఎంత దూరం వెళ్ళారు, దారిలో ఏం తిన్నారు, ముందు సీటు కోసం పిల్లలు పోట్లాడుకునేవారా అని అడిగేవారు. తెనాలిలో ఆకుపచ్చ కారు అమ్మేవాళ్ళింట్లో ఇల్లాలు ఇద్దరికీ పులిహోర పెట్టింది. తిరిగి వస్తూ ఆయన దారి పొడవునా ఆ కారునే మెచ్చుకున్నారు. తీరా షెడ్డు దగ్గర దిగాక, "రంగు మరీ ఆకుపచ్చ లెండి" అన్నారు. చీరాల కారుకు వెనక అద్దం చిన్నదన్నారు. నరసరావుపేట కారుకు హారన్ పీలగా ఉందన్నారు.

ఇలా ఎనిమిది వారాలు గడిచాయి. మాస్టారికి ఓపిక అయిపోయింది. ఈసారి వంక పెట్టడానికి వీల్లేని బండి చూపించాలని పట్టుదలకు పోయి, తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి, బాపట్లలో ఒక డాక్టరమ్మ అమ్ముతున్న కారు పట్టుకున్నారు. ముదురు వంకాయరంగు బండి, నిలబెడితే వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేలా ఉంది. అయస్కాంతం ఎక్కడ ఆనించినా అంటుకుంది. ఇంజను చప్పుడు వినిపించీ వినిపించనట్టుంది. పెట్రోలు పెద్దగా తాగదు. ధర మూడు లక్షలకు లోపే.

చిదంబరరావు గారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. లోపల కూర్చుని హారన్ మోగించారు. "హారన్ కూడా బాగానే ఉందండీ" అని మాస్టారి ముఖంలోకి చూశారు.

"ఇంతకన్నా మంచిది మీకు దొరకదు. ఇక మనం తిరగనక్కర్లేదు" అన్నారు మాస్టారు.

"తిరగనక్కర్లేదు" అని ఆయన తనలో తను అనుకుని, చెక్కుబుక్కు తీశారు.

తిరుగు ప్రయాణంలో స్కూటర్ మీద మాస్టారు ఒక్కరే. బాపట్ల నుంచి గుంటూరు దాకా ఆ కారు స్కూటర్ వెనకే వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉన్నచోటల్లా, ముందుకు వెళ్ళిపొమ్మని మాస్టారు చెయ్యి ఊపారు. కారు దాటిపోలేదు.

మూడు నెలల తరువాత, బండి స్టార్ట్ కావడం లేదని ఫోను వచ్చింది. మాస్టారు వెళ్ళి కవరు తీసి చూస్తే ఎక్కడా దుమ్ము లేదు. బ్యాటరీ మాత్రం చచ్చిపోయి ఉంది. బాపట్ల నుంచి ఇంటికి వచ్చిన దూరం మీద మీటరు పట్టుమని పది కిలోమీటర్లు కూడా తిరగలేదు.

"ఎక్కడికీ వెళ్ళలేదా అండీ?"

"వెళ్దామనే అనుకుంటాను. ఆదివారం తొమ్మిదింటికి తయారై వచ్చి ఇందులో కూర్చుంటాను. ఎటు వెళ్ళాలో తోచదు." చిదంబరరావు గారు కాస్త ఆగి, మొహమాటంగా అడిగారు: "తెనాలి వాళ్ళ కారు అమ్ముడుపోయిందంటారా? ఒకసారి వెళ్ళి కనుక్కుని వద్దామా?"

ఆ రోజు షెడ్డులో నాలుగు బళ్ళు పని కోసం నిలబడి ఉన్నాయి. ఇంట్లో కారు పెట్టుకుని ఇంకో కారు సంగతి మీకెందుకండీ అని మాస్టారు నవ్వేసి, బ్యాటరీ పని చూసి, వారానికొకసారైనా బండి నడపమని చెప్పి, కాఫీ తాగి వెళ్ళమంటున్నా వినకుండా వచ్చేశారు.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం పొద్దున షెడ్డు తలుపు తీస్తూ, మాస్టారు తనకు తెలియకుండానే వీధి వైపు చూశారట. ఎవరి కోసం చూశారో అప్పుడు తెలిసింది. తలుపు మళ్ళీ మూసి, స్కూటరెక్కి ఆయన ఇంటికి వెళ్ళారు. అక్కడ వేరేవాళ్ళు అద్దెకుంటున్నారు. చిదంబరరావు గారు కారు అమ్మేసి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఏ ఊరో వాళ్ళకూ తెలియదు.

 గురువును ఊరడించాలని దానియేలు, "మీరు చూసిన బండిలో లోపమేమీ లేదు కదా మాస్టారూ" అన్నాడు.

"లేదు" అన్నారు మీరావలి మాస్టారు. "మంచి బండి. కాస్త తొందరగా వెతికిపెట్టాను."