సుంబులవ్వ దిగిన గొయ్యి

సముద్రం ఇంకా మన ఊరికి ఇంత దగ్గరగా రాని రోజుల్లో, రేవుకి తెరచాప ఓడలే వచ్చే రోజుల్లో, సుంబులవ్వ అని ఒక ముసలమ్మ ఉండేది. హబ్షీ మనిషి. అంటే ఆఫ్రికా నుంచి ఓడల్లో పట్టుకొచ్చి, సంతలో పశువుల్లా అమ్మేసిన నల్లవాళ్ళలో ఒకతి. అట్లా చూస్తారేం? మనుషుల్నే అమ్మారు. మన రేవులోనే అమ్మారు. కొన్నదీ మనవాళ్ళే.

బానిస కాలికి ఇనప కడియం ఉండేది. చచ్చేదాకా తీసేది లేదు. ఇనుముతో పూడిస్తే దయ్యమై తిరిగొస్తారని భయం, అందుకని చచ్చాక మాత్రం తీసేవారు. గోరీల దిబ్బ పక్కనే కమ్మరి కొలిమి. అక్కడ కడియం తెంపి, పక్కనే గోతిలో పెట్టేవారు. ఒకసారి తెంపాక మళ్ళీ ఆ కాలికి వేయకూడదు. అది ఊరి కట్టుబాటు.

సుంబులవ్వ ఓడలకి మంచినీళ్ళు మోసేది. ఆమెకి మిగిలింది మనవరాలు మర్జానా ఒక్కతే. అప్పుడప్పుడే పాలపళ్ళు ఊడుతున్న పిల్ల. ఆ పిల్లని యజమాని, ఓడల షావుకారు, ఎవరో పరదేశికి అమ్మేశాడు. ఇక ఓడ ఎక్కించడమే తరువాయి.

అవ్వ షావుకారు కాళ్ళ మీద పడింది. "దొరా, పిల్లనొదిలెయ్యండి. నన్నమ్ముకోండి."

"ముసలిదానివి, నిన్నెవడు కొంటాడే? బతికుండగా బానిసకి విడుదల లేదు, పో."

కొత్వాలు దగ్గరికి వెళ్ళింది. "బతికుండగా లేదు, పో," అన్నాడు కొత్వాలు.

నవాబు గుమ్మం దగ్గర నిలబడింది. బంట్రోతు లోపలికి వెళ్ళి వచ్చాడు. "బతికుండగా లేదట, పో."

"సరే," అంది అవ్వ. "అయితే చచ్చే తీసుకుంటాం."

మర్నాడు మర్జానాకి తెల్లగుడ్డ చుట్టి, హబ్షీలు కొలిమి దగ్గరికి మోసుకొచ్చారు. "జ్వరమొచ్చి పోయిందయ్యా నా తల్లి!" అని అవ్వ గుండెలు బాదుకుంది. ఆ ఏడుపు విని పెద్దలతో సహా ఊరంతా చేరింది. షావుకారూ వచ్చాడు. ఇనుము ఆయనది కదా, వదులుకుంటాడా! కమ్మరి లింగాచారి పిల్ల కాలు పట్టుకున్నాడు. కాలు వెచ్చగా ఉంది. మహానుభావుడు, నోరెత్తలేదు. సుత్తి ఎత్తి కొట్టాడు. ఠంగుమని కడియం తెగింది.

కొలిమి బూడిద ముక్కులోకి పోయిందేమో, పిల్ల హాచ్చని తుమ్మింది.

అమ్మబాబోయ్! ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టింది. ఆ వెనకే ఎవరో పకపకా నవ్వారు. షావుకారు మాత్రం నవ్వలేదు.

"తెగిన కడియం మళ్ళీ వేయకూడదు. సరే, నేనూ కట్టుబాటు తప్పను," అన్నాడు. "చచ్చినవాళ్ళకే కదా తెంపేది? మరి ఇది చచ్చినట్టే. గోతిలో పెట్టండి."

ఏమన్నాడూ అంటారా? మీరు విన్నది నిజమే. బతికున్న పిల్లని పూడ్చమన్నాడు! ఊరి పెద్దలంతా అక్కడే ఉన్నారు. ఒక్కడంటే ఒక్కడు కాదనలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

అవ్వ పిల్లని లింగాచారి చేతుల్లో పెట్టింది. తిన్నగా వెళ్ళి గోతిలో దిగి పడుకుంది.

"గోతికో మనిషి కావాలి, అంతేగా దొరా? నేనున్నాను. పూడ్చు."

"పూడ్చండ్రా!" అని అరిచాడు షావుకారు. గోతులు తవ్వేదీ హబ్షీలే. వాళ్ళు పారలు పారేసి నేల మీద పడుకున్నారు. మోసుకొచ్చినవాళ్ళూ పడుకున్నారు. రేవులో మూటలు మోసేవాళ్ళూ, వంటవాళ్ళూ వచ్చి పడుకున్నారు. షావుకారు పిచ్చెత్తినవాడిలా తనే పార అందుకున్నాడు.

ఒక పార మన్ను వేశాడు. జనం చూస్తూ నిలబడ్డారు. రెండో పార వేశాడు. చూస్తూనే నిలబడ్డారు, కొయ్యబారిపోయి. మూడో పార ఎత్తేసరికి లింగాచారి పిల్లని కిందికి దించి, వెళ్ళి పార కర్ర పట్టుకున్నాడు. అప్పుడు కదిలింది జనం.

"లే అవ్వా," అంది మర్జానా. అవ్వ కదల్లేదు.

"లే అవ్వా!" ముసల్ది కూడా నాటకమాడుతోందని కొందరు ముసిముసిగా నవ్వారు.

"లే అవ్వా!"

లింగాచారి గోతిలో దిగాడు. అవ్వ మొహమ్మీది మన్ను తుడిచాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. పైకి తలెత్తి, "నా సుత్తి ఇలా అందించండి," అన్నాడు. ఆమె కడియం తెంపాలి మరి.



కబురు విని నవాబు వచ్చాడు. గోతిలోకి చూశాడు. "ఎవరు చేశారిది?" అన్నాడు.

"తమ గుమ్మం దగ్గరికీ వచ్చిందట ప్రభూ," అన్నాడు లింగాచారి. "బతికుండగా లేదన్నారట."

నవాబు మొహం పాలిపోయింది. అక్కడే నిలబడి, బతికున్నవాళ్ళ కడియాలన్నీ తెంపమన్నాడు. పొద్దుగుంకేదాకా ఊళ్ళో సుత్తి మోత తప్ప ఇంకేం వినబడలేదు.

ఇప్పటికీ ఏటా ఆ రోజున మా పట్నమంతా గోరీల దిబ్బకి పోతుంది. హబ్షీల వాడనుంచి డోళ్ళు వాయిస్తూ, పాటలు పాడుతూ వస్తారు. డోలు ఆగగానే అందరం నేల మీద పడుకుంటాం. చేపలమ్మేదీ పడుకుంటుంది, ఊరి పెద్దా పడుకుంటాడు. షావుకారు వంశం వాళ్ళు వచ్చి ఓ చివరన పడుకుంటారు. వాళ్ళనెవరూ ఏమీ అనరు. హబ్షీల పిల్ల ఒకతి, "లే అవ్వా" అని పిలుస్తుంది. ఎవరూ లేవరు. రెండోసారి పిలిచినా లేవరు. మూడోసారికి లేచి, పక్కనున్నవాళ్ళకి చెయ్యిచ్చి లేపుతాం. చెయ్యివ్వకుండా మాత్రం ఒక్కళ్ళూ అక్కణ్ణించి కదలరు. ఆ రోజు చూస్తూ నిలబడ్డవాళ్ళ మునిమనవలం కదా మేము.